అరకు కొండల్లో తిండి వేళల చరిత్ర

అరకు లోయ, పాడేరు, చింతపల్లి, ముంచింగిపుట్టు కొండల్లో రెండు మూడు తరాల కిందటి దాకా మనిషి ఎప్పుడు తినాలో గడియారం చెప్పేది కాదు. పొద్దు చెప్పేది, రోలు చెప్పేది, గాదెలో మిగిలిన గింజ చెప్పేది. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఈ తూర్పు కనుమల సీమలో బగతలు, వాల్మీకులు, కొండదొరలు, కోదులు, పోర్జాలు, గదబలు, కోటియాలు, నూకదొరలు పక్కపక్క ఊళ్ళలో బతుకుతారు. ఒక ఊళ్ళో కువి వినిపిస్తుంది, పక్క ఊళ్ళో ఆదివాసీ ఒరియా, ఆ పక్కన తెలుగు. మాటలు వేరైనా తిండి వేళలు మాత్రం ఊరూరా దాదాపు ఒకే తీరున నడిచాయి. ఉదయం తినడం మానేస్తే ఒళ్ళు తగ్గుతుందా, తినే వేళ మార్చుకుంటే బరువు దిగుతుందా అని ఇవాళ పట్నాల్లో చాలామంది అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు ప్రయోగశాలలు ఇచ్చిన జవాబు ఒకటుంది. అంతకు చాలా ముందే ఈ కొండలు పెద్ద మూల్యం చెల్లించి చూపిన జవాబు ఒకటుంది. రెండూ ఒకచోటికే చేరతాయి.

పాత కాలంలో ఏ పూట ఏం తినాలన్నది ఏ గింజకు ఎంత చాకిరీ కావాలన్న దాన్ని బట్టి కుదిరింది. మైదానంలో రాగులనేవాటిని ఉత్తరాంధ్రలో చోడులంటారు. చోడి గింజకు గట్టి పొట్టు ఉండదు. ఎండబెట్టి తిరగలిలో విసిరితే పిండి చేతికొస్తుంది. సామ, కొర్ర అలా లొంగవు. గింజ చిన్నది, పొట్టు గట్టిది. రోట్లో పోసి దంచాలి, చేటతో చెరగాలి, మిగిలిన వడ్లను ఏరి మళ్ళీ దంచాలి. ఒక ఇంటికి ఒక పూట బువ్వకు సరిపడా సామబియ్యం తీయడానికి ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా నిలబడి రోకళ్ళు వెయ్యాలి. పొట్టు తీసిన సామలు ఎక్కువ కాలం నిలవ ఉండవు, ముక్కవాసన వస్తాయి. అందుకని ఏ రోజుకారోజు దంచుకోవలసిందే. తొలికోడి కూతకే పల్లెలో రోకటి చప్పుడు మొదలయ్యేదంటే కారణం ఇదే. ఈ లెక్కలోంచే పగలంతా చోడి అంబలి, రాత్రికి సామ బువ్వ అన్న ఏర్పాటు స్థిరపడింది. పల్లపు మడుల్లో వరి పండించుకునే ఇళ్ళలో రాత్రి పూట వరి అన్నం ఉండేది. కొండవాలున పోడు కొట్టుకుని బతికేవారికి వరి పండగనాటి తిండి.

అంబలి కాచే పద్ధతి చూస్తే ఆ రోజువారీ క్రమం ఇంకా బాగా తెలుస్తుంది. రాత్రి పడుకోబోయే ముందు చోడిపిండిని కుండలో నీళ్ళు పోసి కలిపి పొయ్యి దాపున పెడతారు. తెల్లారేసరికి అది సన్నగా పులుస్తుంది. పొద్దున్నే వేరే కుండలో ఎసరు పెట్టి, మరిగాక గుప్పెడు సామనూకో బియ్యపు నూకో వేస్తారు. నూక మెత్తబడ్డాక పులిసిన పిండినీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ తెడ్డుతో ఆపకుండా కలియబెడతారు. చెయ్యి ఆగితే ఉండలు కడుతుంది, అడుగంటుతుంది. గోధుమ రంగు తిరిగి, పైన బుడగలు లేచి పగులుతున్నప్పుడు దించుతారు. వేడిగా తాగేవారు తక్కువ, చల్లారనిచ్చి తాగేవారు ఎక్కువ. ఇంట్లో తాగగా మిగిలింది ఎండిన ఆనపకాయ బుర్రలో పోసి మెడకు తాడు కట్టి పోడుకు తీసుకుపోతారు. బుర్రలో అంబలి మధ్యాహ్నం దాకా చల్లగా ఉంటుంది, పులుపు కాస్త పెరుగుతుంది. నంజుకోవడానికి పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ, నిప్పుల మీద కాల్చిన ఎండుచేప. ఏదీ లేకపోతే ఉప్పు.

రోజు ఇలా సాగేది. పొద్దు పొడిచాక ఒక చెంబుడు అంబలి తాగి పనికి వెళ్ళడం, పొద్దు నడినెత్తికి వచ్చినప్పుడు పోడులోనే మళ్ళీ అంబలి, పొద్దు కుంకే వేళకు ఇల్లు చేరి వేడి బువ్వ. ఆ బువ్వలోకి కందులో ఉలవలో ఉడికించిన చారు, వానాకాలమైతే వెదురు కొమ్ములు, పుట్టగొడుగులు, ఆకుకూరలు. కిరసనాయిలు సంతలో కొనుక్కోవలసిన సరుకు గనుక దీపం ఎక్కువసేపు వెలిగేది కాదు. పొయ్యి వెలుగులోనే తిండి ముగించి పడుకునేవారు. రాత్రి బువ్వకూ తెల్లవారి అంబలికీ మధ్య 11, 12 గంటల ఎడం ఉండేది. నేటి పట్నవాసులు డబ్బిచ్చి నేర్చుకుంటున్న ఉపవాస నియమం వంటిదే ఈ కొండల్లో పేరు లేకుండా, బరువు తగ్గాలన్న ఆలోచన లేకుండా నడిచింది.

ఇక్కడ ఒక లెక్క చెప్పుకోవాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగిలో ఉండే శక్తి దాదాపు 320 కిలోక్యాలరీలు. ఒక చెంబుడు అంబలిలో 50 గ్రాముల పిండి పడిందనుకుంటే ఒంటికి అందేది 160 కిలోక్యాలరీలే. మిగిలినదంతా నీళ్ళు. కడుపు నిండుతుంది, కొంతసేపు ఆకలి తెలియదు, శక్తి మాత్రం కొద్దిగానే అందుతుంది. అలా రెండు చెంబుల అంబలి, ఒక పూట బువ్వతో చెట్టు కొట్టి, మొద్దులు కాల్చి, ఏటవాలు నేలను గునపంతో తవ్విన మనిషి సన్నగా ఉండటంలో ఆశ్చర్యం లేదు. ఉదయం తిన్నా సన్నగానే ఉన్నాడు. తిండి వేళ ఆ సన్నదనానికి కారణం కాలేదు, తిండి కొలతే కారణమైంది.

రోజు కంటే ఏడాది ఇంకా కఠినమైన వేళాపట్టిక. సామలు, కొర్రలు వానలు తగ్గేసరికి కోతకొస్తాయి. చోళ్ళు చలికాలం మొదట్లో ఇల్లు చేరతాయి. వలిసె పూలు లోయంతా పసుపు పరిచే ఆ నెలల్లో గాదె నిండుగా ఉంటుంది. పెళ్ళిళ్ళు, థింసా ఆటలు, చుట్టాల రాకపోకలు అప్పుడే. ఏ పంట కొత్తగా వచ్చినా ముందు దేవతకు పెట్టి, ఊరంతా పండగ చేసుకున్నాకే నోట పెట్టాలన్నది కట్టుబాటు. సామ కొత్త, కొర్ర కొత్త, చిక్కుడు కొత్త, మామిడి కొత్త అని ఏడాది పొడవునా ఈ కొత్తల పండగలు వస్తూనే ఉంటాయి. కొత్త జరగకముందు చెట్టు మీది కాయను ముట్టుకోకపోవడంలో ఒక తెలివి ఉంది. ముదరని పంటను ఆకలి తొందరలో కోసుకు తినేస్తే ఊరందరికీ నష్టం. ఆ ఆకలిని అదుపులో పెట్టే బరువు దేవత మీద పెట్టారు. చైత్రంలో వచ్చే ఇటుకల పండగ నాడు విత్తనాలకు పూజ చేసి, మగవాళ్ళు వేటకు వెళ్ళడం, ఆడవాళ్ళు దారులకు అడ్డం నిలిచి వచ్చేపోయేవారి దగ్గర కానుకలు వసూలు చేయడం నేటికీ చూడవచ్చు.

ఆ పండగ తర్వాత గాదె అడుగు కనబడేది. జూన్ నుంచి ఆగస్టు దాకా వానలు, నాట్లు, కలుపు, మలేరియా జ్వరాలు అన్నీ ఒక్కసారే మీద పడేవి. తిండి అతి తక్కువగా ఉన్న నెలలే పని అతి ఎక్కువగా ఉన్న నెలలు. ఆ రోజుల్లో మూడు పూటలు రెండయ్యేవి, రెండు ఒకటయ్యేవి. అడవి దుంపలు తవ్వి తెచ్చి, చేదు పోయేదాకా ఉడకబెట్టి వార్చి తినేవారు. వేసవిలో తిన్న మామిడి పళ్ళ టెంకలు పారేయకుండా దాచి, లోపలి జీడిని ఎండబెట్టి, వగరు పోయేదాకా పారే నీళ్ళలో నానబెట్టి, దంచి అంబలి కాచేవారు. నిలవలో బూజు పట్టిన టెంకల వల్ల ప్రాణాలు పోయిన సంఘటనలు ఈ కొండల్లో ఇటీవలి దశాబ్దాల్లోనూ వార్తలకెక్కాయి. చలికాలం నుంచి వేసవి దాకా జీలుగు చెట్టు ఆదుకునేది. గీసిన కల్లు తాగుడు సరదా మాత్రమే అనుకుంటే పొరపాటు. గింజ అడుగంటిన ఇళ్ళలో అది ఒక పూట తిండి. గోదావరి పక్కనున్న పాపికొండల్లో కొండరెడ్ల మధ్య 1940ల మొదట్లో పనిచేసిన మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1945లో వెలువరించిన గ్రంథంలో జీలుగు కల్లు, జీలుగు మానులోని పిండి, మామిడి టెంకలు వాళ్ళ ప్రాణాధారాలని వివరంగా రాశాడు.

ఏడాదిలో కొన్ని నెలలు ఒళ్ళు తగ్గి, కోతలయ్యాక మళ్ళీ కోలుకోవడం ఈ కొండల ఒక్కదాని కథ కాదు. పశ్చిమ ఆఫ్రికాలోని గాంబియాలో కెనెబా అనే పల్లెను బ్రిటిష్ పరిశోధకులు దశాబ్దాల తరబడి పరిశీలించారు. అక్కడా వానాకాలపు కరువు నెలల్లో ఆడవాళ్ళ బరువు పడిపోతుంది, ఆ నెలల్లో పుట్టే బిడ్డల బరువూ తక్కువగా ఉంటుంది. చోడి పండించేవారికైనా, జొన్న పండించేవారికైనా వాన మీద బతికే రైతుకు కొత్త గింజ రావడానికి ముందు నెలలే గండం.

బయటి అధికారం కొండెక్కాక తిండి వేళల మీద ఇంకో బరువు పడింది. 1839లో చేసిన చట్టంతో గంజాం, విశాఖపట్నం కొండసీమలు కలెక్టరు ప్రత్యేక పాలనలోకి, అంటే ఏజెన్సీలోకి వెళ్ళాయి. ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడాన్ని అడ్డుకున్న ఆబ్కారీ నిబంధనలు, దానికి తోడు కల్లు మీద వేసిన చిగురుపన్ను 1879 రంప పితూరీకి ముఖ్య కారణాలు. కల్లు మీద పన్నంటే గింజ అడుగంటిన రోజుల తిండి మీద పన్నని కొండవాళ్ళకు తెలుసు, కచేరీకి తెలియలేదు. 1882 మద్రాసు అటవీ చట్టం రిజర్వు చేసిన అడవుల్లో పోడును, దుంపల తవ్వకాన్ని, తిరగడాన్నే నేరం చేసింది. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి ఘాట్ రోడ్డు వేయించిన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ హయాంలో కూలీ సరిగా ఇవ్వకుండా కొండవాళ్ళ చేత పని చేయించారు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం తొలి దాడి చింతపల్లి పోలీసు ఠాణా మీద చేయడానికి వెనక ఉన్న కోపంలో ఈ రోడ్డు పని ఒక పెద్ద భాగం. పోడులో పనిచేసే మనిషి పొద్దు చూసి ఆగి అంబలి తాగుతాడు. రోడ్డు పనిలో మేస్త్రీ చెప్పినప్పుడే ఆగాలి. తిండి వేళ మీద తినేవాడికి హక్కు పోవడం అక్కడే మొదలైంది.

అప్పు తీర్చలేక షావుకారు ఇంట్లోనో మోతుబరి ఇంట్లోనో కట్టుబడి పనిచేసే గొత్తి పద్ధతిలో ఆ హక్కు పూర్తిగా పోయింది. గొత్తి మనిషికి పూట గడవడమే కూలి. ఎప్పుడు పోస్తే అప్పుడు తాగాలి, ఎంత పోస్తే అంతే. 1940లో ఏజెన్సీ రుణ దాస్య నిర్మూలన నిబంధన వచ్చినా కొండల్లో ఆ పద్ధతి చాలా ఏళ్ళు చాటుమాటుగా సాగింది. ఉదయం తిండి మానడానికి ఈ కొండల చరిత్రలో ఉన్న ప్రధాన కారణాలు ఇవీ: గింజ లేకపోవడం, అప్పు, వెట్టి. సన్నబడాలన్న కోరిక ఆ జాబితాలో లేదు.

స్వాతంత్ర్యం తర్వాతి మార్పులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ముంచింగిపుట్టు దాపున మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో పని మొదలుపెట్టింది. ఆ కరెంటు తీగలు ముందు మైదానానికే దిగాయి, కేంద్రం చుట్టూ ఉన్న గూడేలకు దీపం చాలా ఆలస్యంగా అందింది. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడి చింతపండు, కరక్కాయ, అడ్డాకు కొనడం, ఉప్పూ బియ్యం అమ్మడం మొదలుపెట్టింది. బైలదిల్లా ఇనుప రాయిని జపాన్‌కు పంపడం కోసం వేసిన కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం 1960ల చివరికి అరకు మీదుగా నడిచింది. స్టేషన్ల దగ్గర, సంతల్లో టీ బడ్డీలు, ఇడ్లీ, పూరీ, బజ్జీ వచ్చాయి. కాఫీ తోటలు విస్తరించాక చలికాలంలో చేతిలో డబ్బు ఆడింది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా కాఫీని పండించే ఇళ్ళలో చాలావాటిలో తాగేది మాత్రం టీ.

అన్నిటికంటే లోతుగా తిండి వేళల్ని మార్చింది రేషన్ బియ్యం. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం పథకం పెట్టింది. కొండల్లో ఆ బియ్యం గిరిజన సహకార సంస్థ డిపోల ద్వారా అందింది. మైదానం వాళ్ళు దాన్ని ధర తగ్గడంగా చూశారు. కొండ ఆడవాళ్ళకు దాని విలువ ఇంకోటి. మర పట్టిన బియ్యాన్ని దంచనక్కర్లేదు, చెరగనక్కర్లేదు, కడిగి ఎసట్లో వేస్తే చాలు. తొలికోడి వేళ రోకలి ఆగిపోయింది. ఆ మార్పును చిరుధాన్యాల మీద ప్రేమతో తప్పుపట్టేవారు ఒక్క వారం సామలు దంచి చూడాలి. రోకలి ఆగాక సామ, కొర్ర విత్తడమూ తగ్గింది. పొద్దున కూడా వరి అన్నం వండుకునే అలవాటు చాలా ఊళ్ళలో స్థిరపడింది. అంబలి మధ్యాహ్నానికో, వేసవికో, ముసలివాళ్ళకో మిగిలింది. ఆకలి నెలల పదును తగ్గింది. ఇది చిన్న మేలు కాదు.

రెండో మార్పు బడి గంట. 1970ల మధ్యలో పాడేరులో సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ ఏర్పడ్డాక ఆశ్రమ పాఠశాలలు పెరిగాయి. వేల మంది పిల్లలు పొద్దును బట్టి కాకుండా గంటను బట్టి తినడం నేర్చారు. ఉదయం ఉప్మా, పొంగలి, పులిహోర వంటి టిఫిన్, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం చిరుతిండి, రాత్రి మళ్ళీ అన్నం. సెలవులకు ఇంటికొచ్చిన పిల్లలు పొద్దున్నే టిఫిన్ అడగడంతో ఆ మాట గూడేల్లోకి వచ్చింది. మైదానంలోనూ టిఫిన్ అంత పాతది కాదు. తీరాంధ్ర రైతు పొద్దున తిన్నది చద్దన్నం, మెట్ట రైతు తాగింది అంబలి. ఇడ్లీ, దోసె రోజూ ఉదయం తినడం 20వ శతాబ్దపు హోటళ్ళ నుంచి, ఆఫీసు వేళల నుంచి ఇళ్ళలోకి పాకింది.

ఉదయపు తిండే రోజంతటికీ ముఖ్యమన్న నమ్మకమూ ఆ శతాబ్దంలోనే పాతుకుపోయింది. అమెరికాలో బ్యాటిల్ క్రీక్ ఆరోగ్య కేంద్రాన్ని నడిపిన జాన్ హార్వే కెల్లాగ్ సంపాదకుడుగా ఉన్న పత్రికలో 1917లో లెన్నా కూపర్ అనే ఆహార నిపుణురాలు ఆ అర్థం వచ్చే మాట రాసింది. మొక్కజొన్న అటుకులు అమ్మే కంపెనీలు ఆ భావాన్ని ఇంటింటికీ చేర్చాయి. తర్వాతి దశాబ్దాల్లో జరిగిన పరిశీలనల్లో ఉదయం తినేవారు సన్నగా ఉన్నట్టు కనబడింది. ఆ పరిశీలనల్లో ఒక చిక్కుంది. వేళకు తినేవారు సాధారణంగా వేళకు నిద్రపోతారు, పొగ తక్కువ తాగుతారు, కాస్త కలిగినవారై ఉంటారు. సన్నదనం తిండి వేళ వల్ల వచ్చిందో, మిగిలిన జీవితం వల్ల వచ్చిందో పరిశీలన ఒక్కటే తేల్చలేదు. చీటీ వేసినట్టు మనుషుల్ని రెండు గుంపులు చేసి, ఒకరిని ఉదయం తినమని, ఇంకొకరిని మానమని చెప్పి చూడాలి.

అలా చూసిన ప్రయోగాలు నమ్మకాన్ని నిలబెట్టలేదు. 2014లో వెలువడిన ఒక పెద్ద ప్రయోగంలో బరువు తగ్గాలనుకున్న సుమారు 300 మంది పెద్దవాళ్ళను 16 వారాలు గమనించారు. ఉదయం తినమన్నా, మానమన్నా బరువులో తేడా రాలేదు. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 13 ప్రయోగాలను కలిపి 2019లో లెక్కగట్టారు. ఉదయం తిన్నవారు రోజుకు సగటున 260 కిలోక్యాలరీలు ఎక్కువ తిన్నారు, మానినవారి బరువు సగటున 0.44 కిలో తక్కువగా ఉంది. ఆ ప్రయోగాలు చాలావరకు చిన్నవి, కొద్ది వారాలవి. కాబట్టి మానడమే మందు అనడానికీ ఆ అరకిలో చాలదు. ఇంగ్లండ్‌లోని బాత్ నగరంలో చేసిన ప్రయోగంలో ఇంకో సంగతి బయటపడింది: ఉదయం తిన్నవారు పగటిపూట ఎక్కువ కదిలారు, మానినవారు తెలియకుండానే కదలిక తగ్గించుకున్నారు. పోడు పనికి వెళ్ళే మనిషి ఒక చెంబుడు అంబలైనా తాగకుండా ఇల్లు ఎందుకు కదలలేదో ఈ ఫలితం చూస్తే అర్థమవుతుంది.

తినే గంటలను కుదించే పద్ధతికీ ఇంచుమించు అదే ఫలితం. చైనాలోని గ్వాంగ్‌జౌలో 139 మంది స్థూలకాయులను ఏడాది పాటు గమనించి 2022లో ఫలితాలు ప్రకటించారు. ఇరు గుంపులకూ తిండి ఒకే కొలతలో తగ్గించి, ఒక గుంపును ఉదయం 8 నుంచి సాయంత్రం 4 లోపే తినమన్నారు. వాళ్ళు 8.0 కిలోలు, వేళ నియమం లేనివారు 6.3 కిలోలు తగ్గారు. ఆ తేడా యాదృచ్ఛికంగా కూడా రావచ్చని గణాంకాలు తేల్చాయి. ఇద్దరినీ తగ్గించింది తిండి తగ్గడమే.

అలాగని వేళకు అసలు విలువే లేదనడం కూడా సరికాదు. ఒంట్లో దాదాపు ప్రతి కణానికీ పగలూ రాత్రీ తెలుసు. ఆ గడియారపు పనితీరును విప్పినందుకే 2017 నోబెల్ వైద్య బహుమతి ముగ్గురు అమెరికన్లకు దక్కింది. ఇన్సులిన్ సాయంత్రం కంటే ఉదయం బాగా పనిచేస్తుంది. ఇజ్రాయెల్‌లో 93 మంది స్త్రీలతో చేసి 2013లో ప్రకటించిన ప్రయోగంలో ఒకే కొలత తిండిలో ఉదయం ఎక్కువ తిన్నవారు 12 వారాల్లో 8.7 కిలోలు, రాత్రి ఎక్కువ తిన్నవారు 3.6 కిలోలు తగ్గారు. స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో భోజనాలన్నీ పరిశోధకులే అందించి 30 మందితో మరింత కట్టుదిట్టంగా చేసిన 2022 ప్రయోగంలో మాత్రం బరువులో తేడా కనబడలేదు. ఉదయం ఎక్కువ తిన్నప్పుడు రోజంతా ఆకలి తక్కువ వేసింది, అంతే. ఆకలి తక్కువ వేసినవాడికి తిండి తగ్గించుకోవడం తేలిక గనుక వేళ ఆ దారిన సాయపడవచ్చు. పెద్ద భోజనం పొద్దు కుంకే వేళకు ముగించి, ఆ తర్వాత ఏమీ తినని పాత కొండ అలవాటులో మంచి ఉంది. రాత్రి 10 దాటాక టీవీ ముందు తినే పట్నపు అలవాటులో చెడు ఉంది. ఆ మంచిచెడులు కిలోల్లో కంటే చక్కెర, నిద్ర, ఆకలి విషయాల్లో ఎక్కువగా కనబడతాయి.

కష్టపడి పనిచేస్తే ఎంత తిన్నా కరిగిపోతుందన్న మాటకూ హద్దుంది. టాంజానియాలో వేట, సేకరణ మీద బతికే హజ్దా ప్రజలు రోజంతా ఖర్చు చేసే శక్తిని 2012లో కొలిచి చూస్తే, వాళ్ళ ఒడ్డూ పొడుగూ లెక్కలోకి తీసుకున్నాక అది అమెరికా పట్నవాసులతో దాదాపు సమానంగా తేలింది. హజ్దాలు సన్నగా ఉండటంలో పని కంటే తిండి పాలే ఎక్కువ అయి ఉండాలి. కొండవాళ్ళ సన్నదనాన్ని కూడా చెమట ఒక్కదాని ఖాతాలో వేయకూడదు.

ఆ సన్నదనాన్ని ఆరోగ్యమని పొగడటమూ పొరపాటే. జాతీయ పోషకాహార పర్యవేక్షణ సంస్థ ఆంధ్రప్రదేశ్‌తో సహా 9 రాష్ట్రాల గిరిజన ప్రాంతాల్లో జరిపి 2009లో వెలువరించిన సర్వే ప్రకారం పెద్దవాళ్ళలో సుమారు 40 శాతం పురుషులు, 49 శాతం స్త్రీలు ఉండాల్సిన బరువు కంటే తక్కువ ఉన్నారు. మరోవైపు 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ మొత్తం మీద స్త్రీలలో మూడింట ఒక వంతుకు పైగా అధిక బరువుతో ఉన్నారు. ఒకే రాష్ట్రంలో కొండ మీద తక్కువ బరువు, కింద ఎక్కువ బరువు. పాడేరు, అరకు వంటి చిన్న పట్నాల్లో ఉద్యోగంలో, దుకాణంలో కూర్చునే కొత్త తరం ఈ రెండింటి నడుమ ఉంది. మూడు పూటలా తెల్ల అన్నం, తీపి టీ, పొట్లాల చిరుతిండి, బండి మీద ప్రయాణం ఉన్నచోట గిరిజనులమన్న కారణంగా బరువూ చక్కెరా పెరగకుండా ఆగవు.

చిరుధాన్యాలకు మళ్ళీ మర్యాద వచ్చింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల ఏడాదిగా ప్రకటించింది. ఇక్కడ ఒక అపోహ తొలగాలి. రాగిలో 100 గ్రాములకు సుమారు 320, తెల్ల బియ్యంలో 356 కిలోక్యాలరీలు ఉంటాయి. శక్తిలో పెద్ద తేడా లేదు. తేడా ఉన్నది పీచులో, రాగిలో 11 గ్రాములైతే బియ్యంలో 3 గ్రాములకు లోపే. కాల్షియంలో తేడా ఇంకా పెద్దది, రాగిలో 364 మిల్లీగ్రాములు ఉంటే తెల్ల బియ్యంలో 10 మిల్లీగ్రాములైనా ఉండదు. పిల్లల ఎముకలకు, తల్లుల ఒంటికి చోడి చేసే మేలు అక్కడుంది. పట్నంలో నెయ్యి పోసి తినే రాగి ముద్ద బరువు తగ్గిస్తుందని ఆశపడటంలో అర్థం లేదు.

2023 మార్చి 21 నుంచి రాష్ట్ర ప్రభుత్వ బడుల్లో వారానికి 3 రోజులు ఉదయం రాగిజావ పోయడం మొదలైంది. పైన చెప్పిన ప్రయోగాలన్నీ పెద్దవాళ్ళ మీద, అందులోనూ ఎక్కువగా బరువు ఉన్నవారి మీద జరిగినవని బడులు నడిపేవారు గుర్తుంచుకోవాలి. ఎదిగే పిల్లకు, గర్భిణికి, పాలిచ్చే తల్లికి ఆ ఫలితాలు వర్తించవు. మైదానంలో బరువు తగ్గాలనుకునే ఆరోగ్యవంతుడు ఉదయం తినడం తనకు అచ్చిరాకపోతే మానుకోవచ్చు, రోజు మొత్తం తిండి కొలత పెరగకుండా చూసుకుంటే చాలు. చక్కెర మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు మాత్రం డాక్టరును అడగకుండా పూట మానకూడదు. కొండవాగు దాటి బడికొచ్చే పిల్లకు పొద్దున ఏమీ తినకుండా వచ్చే రోజు ఇక ఒక్కటి కూడా ఉండకూడదు. పాడేరు ఏజెన్సీలోని ప్రతి అంగన్‌వాడీలో, ప్రతి బడిలో ఆరు రోజులూ ఉదయం వేడి అంబలి పోయాలి. దానికి కావలసిన చోళ్ళను ఆ ఊళ్ళ రైతుల దగ్గరే, గిట్టుబాటు ధర ఇచ్చి కొనాలి.